తెల్లది పొదుగుకొచ్చింది

ఫిబ్రవరి 4

నల్ల పెట్ట పొద్దున్నుంచీ గూట్లోంచి లేవలేదు. జొన్నలు చల్లినా రాలేదు. కింద గుడ్డుందేమోనని చెయ్యి పెడితే ఈకలన్నీ నిక్కబొడుచుకుని, గుర్రుమని, మణికట్టు మీద పొడిచింది. రక్తం వచ్చింది. నాలుగు రోజులుగా గుడ్డు పెట్టడం లేదని దాన్ని తిట్టుకుంటున్నాను, సంగతి ఇదన్నమాట. మా అమ్మాయి రావియా పురుటికి వచ్చే వేళకి గుడ్లు కావాలి నాకు. బకెట్టు నీళ్ళలో నాలుగు మునకలు వేయించి, అడుగున గాలి ఆడే ఈతమట్టల బుట్టలో పడేస్తే దాని పొదుగు దానంతటదే దిగుతుందనుకున్నాను.

నీళ్ళ చప్పుడు విని అత్త కింద మెట్ల దగ్గర్నుంచి కేకేసింది. మోకాళ్ళు పోయినప్పటినుంచి ఆవిడ డాబా ఎక్కదు. కళ్ళలో పొరలొచ్చి మనుషుల్ని కూడా గొంతు విని పోల్చుకుంటుంది. చెవులు మాత్రం దొంగకున్నట్టుంటాయి.

"ఏమే వగీదా, దాన్ని ముంచావంటే నీ చేతి కూడు ముట్టను. ఇలా పట్రా."

తెచ్చి ఒళ్ళో పెట్టాను. పొట్ట కింద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, సంతలో బట్ట బేరం చేసేదానిలా కాసేపు చూసింది.

"చెయ్యి కాలిపోతోంది. రొమ్ము మీద ఈకలు తనే పీక్కుంది, ఒట్టి చర్మం తగుల్తోంది చూడు. ఇది నిజంగా కూర్చునే ముండ. ఊళ్ళో కోళ్ళకి పొదగడమే మర్చిపోయిన ఈ రోజుల్లో ఇల్లు వెతుక్కుని వచ్చిన దాన్ని నీళ్ళలో ముంచుతావా?"

"గుడ్లో?"

"గుడ్లకేం, మిగతావి పెడతాయి. నీకు కోపమెక్కువ, ఓపిక తక్కువ. దానికి రెండూ ఉన్నాయి."

ఆవిడతో నేను గెలిచింది ఎప్పుడు గనక.

ఫిబ్రవరి 7

కింద రెండు తెల్ల రాళ్ళు పెట్టి చూశాం. దొంగ పొదుగైతే రెండ్రోజులు కూర్చుని లేచిపోతుందట. ఇది రాళ్ళ మీద కూడా రాణిలా కూర్చుంది. ఇవాళ మెట్ల కింద చీకట్లో, పగిలిన పిండి బానలో గడ్డి పరిచి, బేసి లెక్కన గుడ్లు సర్ది, ఉరుముకి చెడకుండా ఒక ఇనప మేకు గుచ్చాం. నల్లది అత్త గది గుమ్మంలోనే ఉంటుంది ఇక. ఆవిడకి అదొక కాలక్షేపం.

పొద్దున నల్లది లేచి, పిడికెడంత రెట్ట వేసి, ఆబగా నాలుగు గింజలు మింగి, నన్ను చూసి తిట్టుకుంటూ వెళ్ళి మళ్ళీ కూర్చుంది.

"విన్నావా ఆ తిట్లు?" అంది అత్త. "పొదిగే పెట్టకి ఒళ్ళు వేడిగా ఉండాలి, కోపం ఉండాలి. జబ్బు కోడి కూడా ఈకలు ఉబ్బించుకునే కూర్చుంటుంది, మేత ముట్టదు, కదలదు. దూరం నుంచి చూస్తే రెండూ ఒకటే. మా అమ్మ చెప్పేది, చెయ్యి పెట్టి చూడు, జబ్బు కోడి తిట్టదు అని."

నాకు తెలియనట్టు చెబుతుంది. పాతికేళ్ళుగా ఈ ఇంట్లో కోళ్ళ రెట్ట ఎత్తుతున్నది నేను.

ఫిబ్రవరి 12

రావియా వచ్చింది. మొగుడు పరదేశంలో పనిలో ఉన్నాడు, ఒక్కతే వచ్చింది. పొట్ట ముందు, తను వెనక. మెట్ల కింద నల్లదాన్ని చూసి, "నువ్వూ నేనూ ఒకటే, ఎవరు ముందో చూద్దాం" అంది. అది గుర్రుమంది. ఎంత నవ్విందో. ఇల్లు నవ్వులతో నిండి చాలా రోజులైంది.

పురుటి మంచం మీద నలభై రోజులూ దానికి నాటుకోడి చారు తాగిస్తాను. బజారు కోడి కాదు, ఆ తెల్ల దూది ముక్కలు కాదు. దాని అత్త గాలియా పెళ్ళి విందులో నలుగురి ముందూ ఏమన్నదో నేను మర్చిపోలేదు. "వియ్యపురాలా, పావురాల కూర బావుంది" అంది. అవి కోళ్ళు. ఆ ఏడు కోళ్ళకి తెగులొచ్చి చిక్కిపోయాయి, అంతే. ఈసారి గంపలకెత్తి పంపుతాను. చూస్తాను ఏమంటుందో.

ఫిబ్రవరి 17

టీవీలో రోజంతా అదే. బర్డ్ ఫ్లూ మన దేశానికీ వచ్చిందట. సాయంత్రం మైకు పెట్టుకుని బండి వచ్చింది. డాబాల మీద కోళ్ళు, బాతులు, పావురాలు ఏవున్నా అప్పజెప్పాలి, దాచినవాళ్ళని వదిలిపెట్టరు. పక్కింటి నఈమా బాతుల్ని గోనెలో కట్టి ఇచ్చేసి, వీధిలోనే కూర్చుని ఏడ్చింది. పిల్లల్ని ఇచ్చినా అంత ఏడవదు.

"ఇచ్చేద్దాం," అన్నాడు మా ఆయన ఖమీస్, లారీ దిగి చేతులైనా కడుక్కోకుండా. "ఇంట్లో నిండు నెలల పిల్లుంది."

"ఆ పిల్ల కోసమే కదా పెంచింది. ఇచ్చేసి పురుటికి ఏం పెడతావు, నీ లారీ టైర్లు వండి పెడతావా?"

"బజార్లో కొందాం."

"బజారువే జబ్బుతో చస్తున్నాయి. మనవి మన గింజ తిని మన డాబా మీద పెరిగాయి. వాటికేమొస్తుంది రావియా నాన్నా?"

అత్త వెళ్ళి నల్లదాని ముందు కొంగు పరిచి కూర్చుంది. ఖమీస్ స్నానానికి వెళ్ళిపోయాడు. ఈ ఇంట్లో ఒప్పుకోవడమంటే అదే.

ఫిబ్రవరి 18

కోళ్ళన్నిటినీ డాబా మీద పావురాల గదిలోకి తోలి, తలుపుకి బొంత వేలాడదీశాను. పుంజుని ముందే కోసేశాను, దాని నోరు ఊరుకోదు కనుక. కోడి కుయ్యకపోతే తెల్లవారదా అంటారు. తెల్లవారింది. మనుషులు వచ్చారు, బొంత చూసి ఆరేసిందనుకున్నారు, వెళ్ళిపోయారు. కింద అత్త గుమ్మంలో కాళ్ళు చాపుకుని కూర్చుంది, గుడ్డి ముసలిదాన్ని ఎవరు లెమ్మంటారు.

రాత్రి పుంజు చారుతో ములూఖియా ఆకుకూర. రావియా రెండుసార్లు వేయించుకుంది.

ఫిబ్రవరి 20

తెల్లది కూడా పొదుగుకొచ్చింది.

పావురాల గదిలో మూల గడ్డి మీద ఈకలు ఉబ్బించుకుని కూర్చుంది. మేతకి రాలేదు. కదలదు. మంచిదే. నల్లదాన్ని చూసి దీనికీ బుద్ధి పుట్టింది. ఒక ఇంట్లో రెండు పెట్టలు కూర్చుంటే ఆ ఇంటికి అదృష్టమని మా అమ్మ అనేది. నాలుగు గుడ్లు కిందకి తోశాను.

కిందికి దిగి అత్తకి చెప్పాను.

"తిట్టిందా?" అంది.

"తిట్టింది."

"ఇలా పట్రా, చెయ్యి పెట్టి చూస్తాను."

"ఇప్పుడే కూర్చుంది అత్తా, కదిపితే లేచిపోదా? నువ్వే కదా చెప్పావు."

"తురాయి ఎలా ఉంది?"

"ఎర్రగా ఉంది."

కొంచెం నలుపు తిరిగింది. చలికి. గదిలో వెలుగు కూడా తక్కువ.

ఫిబ్రవరి 21

తెల్లదాని కింద గుడ్లు చల్లగా ఉన్నాయి. నిన్న రాత్రంతా ఉత్తరపు గాలి కొట్టింది కదా, ఆ గదికి కిటికీ రెక్క సరిగా లేదు. గుడ్డ కుక్కాను. దానికి నిద్ర ఎక్కువగా ఉన్నట్టుంది. కళ్ళు తెరవలేదు. చెయ్యి పెడితే పొడవలేదు. నెమ్మదస్తురాలు. మొదట్నుంచీ అదంతే. కోళ్ళలోనూ గుణాలుంటాయి, అన్నీ నల్లదానిలా గయ్యాళులై పుట్టవు.

మిషన్ మీద రెండు చొక్కాలు కుట్టాను, జేబురుమాలంత. పసుపు రంగు. ఆడపిల్లకైనా మగపిల్లాడికైనా.

ఫిబ్రవరి 22

పొద్దున తెల్లది పక్కకి ఒరిగి ఉంది. మెడ నిలబడలేదు. చచ్చిపోతే ఎవరికీ పనికిరాకుండా పోతుంది, చచ్చినది తినకూడదు. ఊళ్ళో ఎవరైనా అదే చేస్తారు. బిస్మిల్లా అని కత్తి పెట్టాను. ప్రాణముండగానే కోశాను, అది ఖాయం. రక్తం చిక్కగా, నల్లగా వచ్చింది.

నేను అప్పటికే రొట్టెల పిండిలో మోచేతుల దాకా ఉన్నాను. రావియా వేణ్ణీళ్ళు పెట్టుకుని, పీట వేసుకుని, చిన్నప్పట్నుంచీ చేసినట్టే కూర్చుని ఈకలు పీకింది. దానికి ఆ పని ఇష్టం. గాలికి ఈకలెగిరి జుట్టు నిండా పడ్డాయి. "చూడమ్మా, పెళ్ళికూతుర్నయ్యాను మళ్ళీ" అంది. పిండి చేతులతో ఉన్నాను కదా, లేకపోతే నేనే పీకేదాన్ని.

"పొదిగే పెట్టని కోశావుటే?" అంది అత్త.

"గుడ్లు వదిలేసింది. పొదగని పెట్ట ఎందుకు?"

ఆవిడ చారు పోసిస్తే గిన్నె పక్కకి జరిపింది.

"ఆకలి లేదు," అంది. "రావియాకి కూడా పెట్టకు. మంచిది కాదు."

"నీ పురాణాలూ నువ్వూ. మరిగి మరిగి ఎముకలు కూడా కరిగాయి, ఇంకేముంటుంది అందులో?"

రావియా తిన్నది. అత్త తప్ప అందరం తిన్నాం. మాకేం కాలేదు.

ఫిబ్రవరి 23

రెండు గోధుమ రంగువి పోయాయి. పిల్లి. కిటికీ సందులోంచి వచ్చి ఉంటుంది. గాట్లు కనబడలేదు. భయానికి కూడా చస్తాయి కోళ్ళు. చీకటి పడ్డాక మూటగట్టి కాలవలో వేసొచ్చాను. నఈమా గుమ్మంలోనే నిలబడి ఉంది. "చెత్తా?" అంది. "చెత్తే," అన్నాను.

ఫిబ్రవరి 25

రావియాకి దగ్గు. వీధి మొత్తం దగ్గుతోంది, ఈ రోజుల్లో దగ్గనిది ఎవరు. జామాకు కషాయం ఇచ్చాను. సాయంత్రానికి ఒళ్ళు వెచ్చబడింది. "మోకాళ్ళలో ఎవరో కూర్చున్నట్టుందమ్మా" అంది. నిండు నెలలు కదా.

పైన మిగిలినవి కూడా పోయాయి. పిల్లి.

ఫిబ్రవరి 26

తెల్లారేసరికి దాని ఊపిరి గది బయటకి వినిపించింది. ఖమీస్ ఎవరిదో కారు తెచ్చాడు. ఆసుపత్రిలో చిన్న వయసు డాక్టరమ్మ, మూతికి గుడ్డ కట్టుకుని, రావియా వీపు మీద చెవి గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. తర్వాత నన్ను అడిగింది.

"ఇంట్లో కోళ్ళు, బాతులు ఏమైనా పెంచుతున్నారా?"

"లేదు డాక్టరమ్మా. అప్పజెప్పేశాం."

"ఈ వారం రోజుల్లో కోడి కోయడం, ఈకలు పీకడం ఏమైనా?"

"లేదు."

"నిజం చెప్పండి, ఎవరికీ చెప్పను. ఇలాంటి జ్వరానికి వేరే మందుంది, వెంటనే మొదలుపెట్టాలి. ఆలస్యమైతే దానికీ లొంగదు. ఆ మందు పై ఊరి నుంచి రావాలి, పక్షుల దగ్గరికి వెళ్ళినవాళ్ళకే ఇస్తున్నారు."

నేను రావియా దుప్పటి సర్దాను. అప్పుడు ఆవిడ మంచం వైపు తిరిగింది. "నువ్వు చెప్పమ్మా. మీ ఇంట్లో కోళ్ళున్నాయా?"

రావియా నా ముఖం చూసింది.

"లేవు," అంది.

దానిది మామూలు జ్వరం. చలికాలం జ్వరం. ఉన్నాయంటే ఇంటికొస్తారు, ఖమీస్‌ని పట్టుకుపోతారు, నల్లదాన్ని గుడ్లతో సహా ఎత్తుకుపోతారు, ఊరంతా వేలు చూపిస్తుంది. అంతా ఒక మామూలు జ్వరానికి. ఖమీస్ వరండాలో నిలబడి గోడకేసి చూస్తున్నాడు. అతనూ అన్నీ విన్నాడు.

ఫిబ్రవరి 27

మా డాబా మీద కోళ్ళు లేవు.

నిజమే కదా. ఇప్పుడు లేవు.

ఫిబ్రవరి 28

బట్టలకోసం ఇంటికి వచ్చాను. అత్త మెట్ల కింద నల్లదాని పక్కనే నేల మీద కూర్చుని ఉంది. తినలేదట.

"రావియా ఎలా ఉంది?"

"ముక్కుకి గొట్టం పెట్టారు."

"డాక్టరు ఏమడిగింది?"

చెప్పాను. నేను ఏం చెప్పానో అది కూడా చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. ఆవిడ చెవి బాన వైపు తిప్పింది. బానలో గుడ్ల లోపల నుంచి చిన్న చప్పుడు వినిపిస్తోంది. రెండిటికి గాటు పడింది. నల్లది గొంతు మార్చి లోపలివాటితో మాట్లాడుతోంది.

"తెల్లది తిట్టిందా వగీదా?" అంది అత్త.

"లేదు."

"నాకు కళ్ళు లేవు. నీకున్నాయి."

అంతే అన్నది. చెంప మీద కొట్టినా బావుండేది. చెప్పులు కూడా లేకుండా ఆసుపత్రికి పరిగెత్తాను. డాక్టరమ్మ ఇంకో మంచం దగ్గరుంటే చెయ్యి పట్టుకుని లాగి చెప్పాను, కోళ్ళున్నాయి, తెల్లదానికి జబ్బు చేసింది, నేను కోశాను, నా బిడ్డ ఈకలు పీకింది, జుట్టు నిండా ఈకలే. ఆవిడ నన్ను తిట్టలేదు. గడియారం చూసింది. ఫోన్ దగ్గరికి పరిగెత్తింది.

మధ్యాహ్నం తెల్ల బట్టలు, కళ్ళద్దాలు తొడుక్కుని మనుషులు నన్ను వెంటబెట్టుకుని ఇంటికి వచ్చారు. పైన మందు కొట్టి, కిందికి దిగి మెట్ల కింద చూశారు. అత్త కదల్లేదు.

"ఇది జబ్బుది కాదు నాయనా. పొదుగుతోంది. చెయ్యి పెట్టి చూడు, ఎంత వేడిగా ఉందో."

"వేడిగా ఉంటే జ్వరమే కదా బామ్మా," అన్నాడు అతను, మర్యాదగానే.

"మేత తింటుంది. తిడుతుంది. విను, తిడుతోంది."

నల్లది నిజంగానే అతని చేతి తొడుగు చిరిగేలా పొడిచింది. సంచీలో వేశాక కూడా తిడుతూనే ఉంది. మూతి కట్టేదాకా వినిపించింది. తర్వాత గుడ్లు. అవి కూడా చప్పుడు చేస్తూనే వెళ్ళాయి.

మార్చి 1

మందు వచ్చింది. బిడ్డని కోసి తీశారు. ఆడపిల్ల. చిన్నదే గానీ గొంతు పెద్దది. రావియాకి తెలివి లేదు. డాక్టరమ్మ నాకు అద్దంలోంచి పిల్లని చూపించింది, దగ్గరికి రానివ్వలేదు.

మందు మొదటి రోజే పడి ఉంటే అని అడగబోయి ఊరుకున్నాను. ఆవిడ కూడా చెప్పబోయి ఊరుకుంది.

మార్చి 2

ఆ రోజు పిండి చేతులతో ఉన్నాను. అది అబద్ధం కాదు. కానీ చేతులు కడుక్కోవడానికి ఎంతసేపు పడుతుంది. ఆ తెల్లదాన్ని ముట్టుకోవడానికి నాకు భయమేసింది. పిండి ముందు కలిపానా, కోడిని ముందు కోశానా? కోడిని ముందు కోశాను. ఆ తర్వాతే పిండిలో చేతులు పెట్టాను.

మార్చి 3

రావియా పోయింది. సాయంత్రం అసర్ నమాజు పిలుపు వేళ. ఆఖరి స్నానం కూడా మమ్మల్ని చేయించనివ్వలేదు.

మార్చి 5

గాలియా వచ్చింది. నలుపు కట్టుకుని నా ఎదురుగా చాప మీద కూర్చుంది. ఇప్పుడు అంటుంది, ఇప్పుడు అంటుంది అని చూస్తూ ఉన్నాను. ఒక్క మాట అనలేదు. నా చేతిలోంచి కాఫీ పళ్ళెం తీసుకుని, "నువ్వు కూర్చో తల్లీ, నేనిస్తాను" అంది. అని ఉంటే తిరిగి ఒక మాట అనేదాన్ని, నోరైనా ఆడేది.

మార్చి 7

పిల్లని ఇచ్చారు. పుట్టి ఇవాళ్టికి ఏడో రోజు, జల్లెడలో పెట్టి వేడుక చేసే రోజు. కొవ్వొత్తులు వద్దు, పిల్లల పాటలు వద్దు, ఎవర్నీ పిలవొద్దు అన్నాను. అత్త ఒప్పుకోలేదు.

"చచ్చినవాళ్ళకి చేయాల్సింది చేశాం. బతికున్నదాని చెవిలో మాట పడాలి. లేకపోతే లోకం చప్పుడుకి బెదురుతుంది."

జల్లెడలో పసుపు చొక్కా తొడిగి పడుకోబెట్టాం. నేను కుట్టిందే, వదులైంది. తల్లి ఏడుసార్లు దాటాలి. ఎవరూ దాటలేదు. జల్లెడ చుట్టూ నేల ఖాళీగా ఉంది. ఖమీస్ గుమ్మం బయటే నిలబడ్డాడు. అత్త ఇత్తడి రోలు ఒళ్ళో పెట్టుకుని రోకలితో కొట్టింది. పిల్ల ఉలిక్కిపడింది.

"మీ అమ్మ మాట విను," అంది అత్త. రావియాకీ ఏడో రోజున ఈ గదిలోనే, ఈ రోలుతోనే చెప్పింది ఆ మాట. అంతవరకూ అని ఆగిపోయింది. రోకలి చేతిలోనే ఉండిపోయింది.

గాలియా మెల్లగా, "అమ్మమ్మ మాట విను అనండి. ఇక ఆవిడేగా పెంచేది," అంది. మంచికే అన్నది.

"వద్దు," అన్నాను.

నేను జల్లెడ పక్కన వంగాను. పిల్ల ఒళ్ళు వెచ్చగా ఉంది. చెంపకి వేలు తగిలితే ముఖం ఎర్రగా చేసుకుని కోపంగా అరిచింది. అది విని అత్త తల పక్కకి తిప్పుకుంది.

అందరికీ వినపడేలాగే దాని చెవిలో చెప్పాను.

"మీ డాబా మీద కోళ్ళున్నాయా అని ఎవరైనా అడిగితే, ఉన్నాయని చెప్పు తల్లీ. మీ అమ్మమ్మ ముఖం వైపు చూడకు."